ప్రకాశం డాక్టరు గారి పెద్ద టెస్టు

గుత్తులమెరకలో సూర్యప్రకాశం డాక్టరు గారి దగ్గరికి జ్వరంతో వెళ్ళినవాడు, జ్వరం ఊసెత్తడానికి పది నిమిషాలు ఆగాలి. ముందు చెరువు సంగతి చెప్పాలి. రొయ్య మేత తింటోందా, తెల్లమచ్చ ఏమన్నా కనపడిందా, పక్క చెరువువాడు మురుగునీళ్ళు ఎటు వదిలాడు. తర్వాత మేనమామ కూతురి పెళ్ళి సంబంధం. ఆ తర్వాత తాతగారి పక్షవాతం. ఇవన్నీ అయ్యాక నాలుక చాపమనేవారు. ఈలోగా సగంమందికి జ్వరం విసుగెత్తి దిగిపోయేది. ఆ సగాన్నీ ఆయన తన హస్తవాసి కిందే చెప్పుకునేవారు.

ఊరు భీమవరానికి ఆరు మైళ్ళు. ఐసు ఫ్యాక్టరీ ఎదురుగా రెండు గదుల ఆసుపత్రి. ముందు గదిలో ఒక పొడుగాటి బల్ల, ఆ బల్ల మీద ఎప్పుడు చూసినా ఎనిమిది మంది. కాకినాడలో ఎంబీబీఎస్ చదివొచ్చి ముప్పై ఒక్క ఏళ్ళు ఆ ఒక్క కుర్చీలోనే కూర్చున్నారాయన. ఊళ్ళో సగంమందికి మావయ్య గారు, మిగతా సగానికి బాబాయి గారు. "మొహం చూసి చెప్పేస్తాను" అనేది ఆయన మాట. చాలాసార్లు చెప్పేవారు కూడా. కామెర్లు, రక్తం తక్కువ, అత్తతో పడకపోవడం, ఈ మూడూ కనురెప్ప కిందకి లాగి చూసి చెప్పేవారు.

ఆయనకి సిగ్గనేది లేదనే ఊరి నమ్మకం. ఎనిమిది మంది వింటుండగా గుడి ధర్మకర్తని "విరోచనం ఏ రంగులో అయిందండీ" అని కేకేసి అడిగిన మనిషి. అలాంటి మనిషికి ఒక్క మాట దగ్గర నాలుక మడతపడేది. హెచ్ఐవీ. ఆ మాట ఎవరి ముందూ పైకి అనలేదు. తప్పనిసరైతే "పెద్ద టెస్టు" అనేవారు, అదీ గోడ మీది క్యాలెండరుకేసి చూస్తూ. ఆ టెస్టు వచ్చిన ఇన్నేళ్ళలో దానికి ఆయన పంపింది నలుగుర్ని. నలుగురూ లారీ డ్రైవర్లే, నలుగురూ పొరుగూరివాళ్ళే. పరువుగా బతికేవాళ్ళని ఆ మాట ఎలా అడుగుతాం, అడిగితే అనుమానించినట్టే కదా. ఇదీ ఆయన సిద్ధాంతం. చుట్టుపక్కల పది ఊళ్ళ డాక్టర్లదీ ఇదే సిద్ధాంతం కాబట్టి, ఇది తప్పని ఆయనకి చెప్పేవాళ్ళెవరూ లేకపోయారు.

చెప్పింది ప్రసన్నకుమారి. 2007లో రాజమండ్రిలో ఒక హోటల్లో ప్రైవేటు డాక్టర్లకి ఒకరోజు శిక్షణ పెట్టారు. ప్లాస్టిక్ ఫోల్డరు, పెన్ను, మధ్యాహ్నం భోజనం. పాఠం చెప్పడానికి వచ్చిన ప్రసన్నకుమారికి ఇరవై ఆరేళ్ళుంటాయి. ఊరూరా స్కూటీ మీద తిరిగి కౌన్సెలింగు చేసే పిల్ల. ఆవిడ మాట్లాడుతుంటే నలభై మంది డాక్టర్లూ ఫ్యాన్లు లెక్కపెట్టారు. అప్పుడావిడ పది ఫోటోలు బల్ల మీద పరిచి, వీళ్ళలో ఎవరికి జబ్బుందో చూసి చెప్పమంది. మొహం చూసే విద్య తనదే కదా అని ప్రకాశం గారు ముందుకొచ్చారు. ఒక మీసాలాయన ఫోటో తీసి పక్కన పెట్టి, "ఇతనికి తప్పకుండా ఉంటుందండి. ఆ చూపు చూడండి, ఆ మీసం చూడండి. చెడిపోయిన మీసం" అన్నారు.

ఆ మీసం హోటలు మేనేజరుది. మిగతా తొమ్మిది ఫోటోలూ ప్రసన్నకుమారి ఆఫీసువాళ్ళవి. "ఎవరికుందో నాకూ తెలీదండీ, మొహం చూస్తే తెలీదని చెప్పడానికే తెచ్చాను" అందావిడ. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ మేనేజరే కొసరి కొసరి రెండోసారి బొబ్బట్టు వడ్డిస్తుంటే ప్రకాశం గారు తలెత్తలేదు.

పోతూ పోతూ ఆవిడ ఆయనకి ఇరవై టెస్టు పట్టీలున్న డబ్బా ఇచ్చింది. చూపుడువేలి నుంచి ఒక్క చుక్క రక్తం వేస్తే ఇరవై నిమిషాల్లో గీతలు పడతాయి. ఒక గీతైతే లేనట్టు, రెండైతే మళ్ళీ పెద్దాసుపత్రిలో రూఢి చేసుకోవాలి. కడుపుతో ఉన్న ప్రతి ఆడమనిషినీ, వాళ్ళ మగవాళ్ళనీ అడగాలి. మొహం చూడకూడదు, కులం చూడకూడదు, ఇల్లు చూడకూడదు. అడగడానికి మూడు మాటలు కూడా వల్లె వేయించింది. "ఈ టెస్టు అందరికీ చేస్తున్నాం. మీకూ చేస్తాం. ఇష్టం లేకపోతే చెప్పండి, మానేస్తాం."

ఆ డబ్బా ఇంట్లో ఫ్రిజ్జులో మజ్జిగ చెంబు వెనక్కి చేరింది. మూడు నెలలు అక్కడే ఉంది. ప్రసన్నకుమారి నెలనెలా ఫోన్ చేసి ఎన్ని వాడారని అడిగేది. "సీజను కాదమ్మా" అనేవారు డాక్టరు గారు.

ఆ మూడు నెలల మొదట్లోనే తాతాజీకి సర్పి లేచింది.

తాతాజీ వయసు ముప్పై. రొయ్యల లోడు ఐసులో పెట్టించి మద్రాసు దాకా వెంట వెళ్ళొచ్చే పని. వాళ్ళమ్మ పెద్దింట్లమ్మది ఊళ్ళో పెద్ద నోరు, అంతకంటే పెద్ద మనసు. పెళ్ళాం సాయిదుర్గకి ఐదో నెల. కుర్రాడు వస్తే మావయ్య గారూ అంటూ చెరువు గట్టు మీది కొబ్బరి బొండాల గెల పట్టుకుని వచ్చేవాడు. నడుము చుట్టూ ఎర్రటి పొక్కులు లేస్తే కుమ్మరి చేత జేగురు రాయించుకుని, అప్పుడొచ్చాడు. డాక్టరు గారు చొక్కా ఎత్తి చూశారు. ముప్పై ఏళ్ళవాడికి, మనిషి సన్నబడుతున్నవాడికి, సర్పి ఊరికే లేవదు. కాకినాడలో చదువుకున్న చదువూ రాజమండ్రిలో తిన్న బొబ్బట్లూ ఒకే మాట చెప్పాయి. పొట్టలో బిడ్డ గుర్తొచ్చింది. కాన్పులోగా తెలిస్తే తల్లికో మాత్ర, బిడ్డకి చుక్కలు, బిడ్డని చాలావరకు కాపాడుకోవచ్చు. తెలీకపోతే బిడ్డ గతి దేవుడి దయ.

డాక్టరు గారు క్యాలెండరుకేసి చూశారు. అందులో వినాయకుడు ఆయనకేసి చూశాడు.

"వేడి చేసిందిరా అబ్బాయ్," అన్నారు. "మజ్జిగ ఎక్కువ తాగు."

తాతాజీ అక్కడితో మానలేదు. పదిరోజులకోసారి వచ్చేవాడు. ఒకసారి మోకాలన్నాడు, బామ్ రాసిచ్చారు. ఒకసారి చెవి దురదన్నాడు, చుక్కలిచ్చారు. ఇంకోసారి గోళ్ళు పెళుసుగా ఉన్నాయన్నాడు. వీడికి అనుమానపు జబ్బు పట్టుకుందని, బొండాల మొహం చూసి ఊరుకుంటున్నానని డాక్టరు గారు కాంపౌండరు రాముడితో అన్నారు. పేరు రాముడే గానీ వాడికి యాభై ఐదేళ్ళు. వాడి చెవిన పడ్డ మాట రోడ్డు దాటడానికి ఐసు కరిగినంత సేపు కూడా పట్టదు.

సాయిదుర్గకి ఏడో నెల వచ్చింది. ఆవిణ్ణయినా అడగాలని డాక్టరు గారు కూడబలుక్కున్నారు. కానీ కోడలొస్తే పక్కన అత్తగారు ఉంటుంది. మొదటిసారి "ఈ టెస్టు అందరికీ" దాకా వచ్చి, పెద్దింట్లమ్మ "ఏ టెస్టండి" అనేసరికి "సుగరమ్మా" అన్నారు. రెండోసారి మూత్రం అన్నారు. మూడోసారి ఏమీ తోచక, ఐరన్ మాత్రలు మళ్ళీ రాసిచ్చారు. వారంలో మూడుసార్లు ఐరన్ మాత్రలు పట్టుకెళ్ళిన సాయిదుర్గ, ఈ లెక్కన బిడ్డ ఇనపముక్కై పుడుతుందని మొగుడితో అందట.

ఇంట్లో భార్య వెంకటరత్నమ్మ గారి మీద అభ్యాసం చేశారు. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే ఎదురుగా నిలబడి, మూడు మాటలూ గబగబా అప్పజెప్పారు. ఆవిడ చిక్కుడుకాయ పక్కన పెట్టి నిదానంగా ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ముప్పై ఏళ్ళ కాపురం తర్వాత ఇప్పుడు అడుగుతున్నారేంటి? ఏంటి సంగతి?"

సంగతి ఏమీ లేదని నమ్మించడానికి ఆ పూటంతా పట్టింది. కానీ ఆ చూపుతోనే ఆయనకి ఒక ఉపాయం తట్టింది. అడిగించుకున్నవాళ్ళకి అవమానం అనిపిస్తోంది కాబట్టి ముందు తనే చేయించుకోవాలి. అందరి ముందూ. డాక్టరే చేయించుకున్నాక ఇంకెవరికి సిగ్గు? ఇంత తెలివి తనకి ఇంత ఆలస్యంగా వచ్చిందేమని కాస్త బాధ కూడా పడ్డారు.

సోమవారం పొద్దున్న, బల్ల మీద ఎనిమిది మంది ఉండగా, డాక్టరు గారు లేచి నిలబడి వేలు చాపారు. రాముడు పొడిచాడు. "ఇది హెచ్ఐవీ టెస్టు," అన్నారు, క్యాలెండరు వైపు తిరక్కుండా, మొదటిసారి. "నేనే చేయించుకుంటున్నాను. భయపడాల్సిందేం లేదు." ఇరవై నిమిషాలకి ఒక్క గీత పడింది. ఎత్తి అందరికీ చూపించారు. ఇక వరస కడతారని చూశారు.

ఎనిమిది మందీ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. సాయంత్రానికి తణుకు నుంచి వెంకటరత్నమ్మ గారి చెల్లెలు ఫోన్ చేసి ఏడ్చింది. ఊరి వాదన సూటిగా ఉంది. ఊరికే ఎవరైనా ఆ టెస్టు చేయించుకుంటారా? పాపం, ఏ రోగి సూదో గుచ్చుకుని ఉంటుంది, లేకపోతే కాకినాడ చదువుల నాటిదేమో. ఒక్క గీతే పడిందని చూసినవాళ్ళు చెప్పబోయారు గానీ, లెక్కల మాస్టారుగా రిటైరైన జ్ఞానప్రకాశం గారు ఐసు ఫ్యాక్టరీ అరుగు మీద ఒక్క మాటతో కొట్టిపారేశారు. "తన పేపరు తనే దిద్దుకుంటే మార్కులు ఎందుకు తగ్గుతాయండి?"

మంగళవారం బల్ల మీద ఎవరూ లేరు. బుధవారం ముగ్గురొచ్చారు గానీ, సూది రాముడే వెయ్యాలని, డాక్టరు గారు నాలుక దూరం నుంచి చూస్తే చాలని అన్నారు. చెరువు సంగతి ఎవరూ చెప్పలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఆయనకి ఎవరి చెరువులో ఏం జరుగుతోందో తెలియకుండా పోయింది. జబ్బు లేకుండానే జబ్బుమనిషి బతుకు ఏంటో మూడు రోజుల్లో తెలిసొచ్చింది. అది ఆయనకి బాగా తగిలింది.

గురువారం నుంచి పరామర్శలు మొదలయ్యాయి.

ఈ ఊళ్ళో మనిషి జబ్బుపడితే చూడ్డానికి వెళ్ళకపోవడం జబ్బుకంటే పెద్ద తప్పు. అంటుకుంటుందేమోనన్న భయం ఉన్నా, రాలేదంటారేమోనన్న భయం దాన్ని మించింది. బత్తాయిలు వచ్చాయి. హార్లిక్సు సీసాలు వచ్చాయి. ధర్మకర్త గారు ఆత్రేయపురం మనిషిని పంపించి పూతరేకులు తెప్పించి, "తినాలనిపించినవన్నీ తినెయ్యండి, ఇంక దాచుకోకండి" అన్నారు. జ్ఞానప్రకాశం మాస్టారు కూడా వచ్చి, ఆయుర్దాయం మన చేతిలో లేదని అరగంట చెప్పారు. వెంకటరత్నమ్మ గారు వచ్చినవాళ్ళకల్లా ఆ ఒక్క గీత పట్టీ చూపించి, చివరికి చూపించడం మానేసి కాఫీలు పెట్టడం మొదలెట్టారు. ఆసుపత్రి బల్ల మళ్ళీ నిండింది. ఇద్దరు ముగ్గురు నిలబడ్డారు కూడా.

శుక్రవారం పెద్దింట్లమ్మ వచ్చింది. వెనక కోడలు, కొడుకు, కొడుకు చేతిలో కొబ్బరి గెల. ఆవిడ డాక్టరు గారి ఎదురుగా నేల మీద కూలబడి చెంగుతో కళ్ళొత్తుకుంది. "మా ఇంట్లో మూడు తరాల నాడి పట్టుకున్న చెయ్యి బాబూ ఇది. మేం ఏం చేస్తే మీకు కాస్త ఊరటో చెప్పండి. ఏదైనా సరే."

అప్పటిదాకా తనకేమీ లేదని వాదించి వాదించి గొంతు పోయిన డాక్టరు గారు, ఈసారి వాదన మానేసి చుట్టూ చూశారు. ఎదురుగా ఎనిమిది నెలలు దగ్గరపడుతున్న సాయిదుర్గ. గుమ్మం దగ్గర తాతాజీ. బల్ల మీద సగం ఊరు, ఏదో ఒకటి చెయ్యకుండా లేవలేని మొహమాటంలో. ఆయన మెల్లిగా కుర్చీలో ముందుకి వంగారు.

"ఒక్కణ్ణే చేయించుకున్నానని అందరూ ఇలా చూస్తున్నారు పెద్దింట్లమ్మా. అందరూ చేయించుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది. ఇష్టం లేనివాళ్ళు వద్దు. వాళ్ళు కాఫీ తాగి వెళ్ళొచ్చు."

పెద్దింట్లమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చేతి గాజులు ఎగదోసుకుని లేచింది. ఆవిడ లేచాక బల్ల మీద కూర్చుని ఉండటానికి ఎవరికీ మొహం చెల్లలేదు. ధర్మకర్త గారు మొక్కు తీర్చుకునేవాడిలా చొక్కా చెయ్యి మడిచారు. కాఫీ తాగి వెళ్ళింది ఇద్దరే, అందులో ఒకరు మాస్టారు. ఆయన మర్నాడు మళ్ళీ వచ్చారు, ఎవరూ లేని వేళ చూసుకుని.

డాక్టరు గారు ప్రసన్నకుమారికి ఫోన్ చేసి, సీజను వచ్చిందన్నారు. గంటలో ఆవిడ స్కూటీ ఐసు ఫ్యాక్టరీ మలుపు తిరిగింది. వస్తూనే రెండు షరతులు పెట్టింది. ఒక్కొక్కళ్ళతో వెనక గదిలో విడిగా మాట్లాడాలి, మొహమాటానికి వచ్చినవాళ్ళని వెనక్కి పంపేస్తుంది. రాముడు ఆ గది ఛాయలకి రాకూడదు. రాముడికి కొబ్బరి గెల అప్పజెప్పి, వచ్చినవాళ్ళందరికీ బొండాలు కొట్టే పని ఇచ్చారు. వాడి జీవితంలో అంత కడుపుమంట ఎప్పుడూ పడలేదు.

డబ్బాలో మిగిలిన పంతొమ్మిది పట్టీలూ అయిపోయి, ప్రసన్నకుమారి తెచ్చిన ఇంకో డబ్బా విప్పాల్సొచ్చింది. పెద్దింట్లమ్మకి ఒక గీత. ధర్మకర్త గారికి ఒక గీత, ఆయన ఎందుకో ఆ మాట విని గోడకి చేరబడి బొట్టూ విభూతీ కలిసిపోయేలా చెమట తుడుచుకున్నారు. డాక్టరు గారు అది చూశారు, చూడనట్టు ఊరుకున్నారు. మొహాలు చూసి చెప్పడం మానేశారు కదా.

తాతాజీ వంతు వచ్చింది. వెనక గదిలో కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. ఆ గదిలో క్యాలెండరు లేదు.

"ఈ టెస్టు అందరికీ చేస్తున్నాంరా అబ్బాయ్. నీకూ..."

"తెలుసండి మావయ్య గారూ. మూణ్ణెల్లుగా మీరు అడుగుతారేమోననే వస్తున్నానండి."

"ఇందుకని ఎప్పుడొచ్చావురా? మోకాలన్నావు. చెవన్నావు."

"మోకాలంటే ఇంకేంట్రా అంటారనుకున్నానండి. బామ్ రాసిచ్చారు. చెవంటే చుక్కలిచ్చారు. చివరికి గోళ్ళన్నాను. ఇంకెక్కడికని పోనండి?" నేలకేసి చూశాడు. "నా అంతట నేను అడిగితే ఒప్పుకున్నట్టు కదండి."

అడిగితే అనుమానించినట్టని ఈయన, అడిగితే ఒప్పుకున్నట్టని వాడు, ఇద్దరూ మూడు నెలలు గోళ్ళ గురించి మాట్లాడుకున్నారు. డాక్టరు గారు దూది స్పిరిట్‌లో ముంచారు. వాడి వేలు తనే పట్టుకుని తనే పొడిచారు. రెండు గీతలు పడ్డాయి. తర్వాత సాయిదుర్గకీ రెండు పడ్డాయి.

ప్రసన్నకుమారి వాళ్ళిద్దరితో చాలాసేపు మాట్లాడింది. సాయిదుర్గ మొగుడికేసి చూడలేదు, ఏడవలేదు. ఒక్కటే అడిగింది. "బిడ్డకండి?"

"టైముంది తల్లీ," అన్నారు డాక్టరు గారు. "కాస్త టైముంది." ఆ కాస్త టైములోంచి తను తినేసిన మూడు నెలలు ఆయన ఎవరికీ చెప్పలేదు, మర్చిపోనూ లేదు.

పెద్దాసుపత్రిలో రూఢి అయింది. భీమవరంలో నొప్పులు మొదలవగానే మాత్ర పడింది. ఆడపిల్ల పుట్టింది. బరువు మూడు కిలోలు, ఇనుము ఏమీ కనపడలేదు. చుక్కలు వేశారు. ఇక మిగిలింది పద్దెనిమిది నెలలు ఆగి బిడ్డకి టెస్టు చెయ్యడం, ఈలోగా నెలనెలా ఏలూరు వెళ్ళి మందులు తెచ్చుకోవడం. ఏలూరు ఎందుకెళ్తున్నావని ఈ ఊళ్ళో అడగనివాడు ఉండడు, ఇంట్లో పెద్దింట్లమ్మకే ఇద్దరూ ఇంకా చెప్పలేదు.

అదే వారం వెంకటరత్నమ్మ గారు భీమవరంలో పెద్ద ల్యాబుకి మొగుణ్ణి లాక్కెళ్ళి, ఏమీ లేదని సంతకంతో సహా కాగితం రాయించుకొచ్చారు. దానికి ఫ్రేము కట్టించారు. వినాయకుడి పక్కన మేకు కూడా కొట్టారు. ఆ సాయంత్రమే పెద్దింట్లమ్మ వచ్చింది. "నెలనెలా ఏలూరు మందులకి ఒంటరిగా ఎలా వెళ్తారు బాబూ? మా తాతాజీ తోడొస్తాడు. నేను చెప్పేశాను వాడికి" అంది.

డాక్టరు గారు ఫ్రేముకేసి చూశారు. గుమ్మంలో నిలబడ్డ తాతాజీకేసి చూశారు. "అలాగేనమ్మా," అన్నారు. "తోడుంటే మంచిదే."

ఫ్రేము బీరువాలోకి వెళ్ళింది. వెంకటరత్నమ్మ గారికి ఆయన ఏమీ చెప్పలేదు, చెప్పకూడదు కూడా. కానీ మర్నాడు పొద్దున్న ఏలూరు బస్సుకి పులిహోర కట్టిస్తే, పొట్లాలు రెండు కాదు మూడున్నాయి. సాయిదుర్గ కూడా బిడ్డని ఎత్తుకుని వస్తోంది కదా మరి.

అలా పద్దెనిమిది నెలలు. జ్వరాలు డాక్టరు గారి ఆయుర్దాయం కోసం ఆగలేదు కాబట్టి జనం తిరిగొచ్చారు, చెరువు కబుర్లూ వచ్చాయి. ఇప్పుడు ఎవరికి కడుపొచ్చినా, తేలని దగ్గొచ్చినా, ఆ మూడు మాటలు విరోచనం అడిగినంత తేలిగ్గా అడిగేవారు. జబ్బుతో ఉండి కూడా జనానికి ఎంత చేస్తున్నారోనని ఊరు చెప్పుకునేది. తాతాజీకి ఒళ్ళొచ్చింది. డాక్టరు గారికి తోడెళ్ళి సేవ చేస్తున్న పుణ్యమది అన్నారు.

పద్దెనిమిదో నెల ఏలూరులో పిల్ల వేలు పొడిచారు. పిల్ల ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడ్చింది. ఒక్క గీత పడింది. తిరుగు బస్సులో సాయిదుర్గ కిటికీ దగ్గర కూర్చుని, ఊరొచ్చేదాకా కొంగు మొహం మీంచి తియ్యలేదు. తాతాజీ పులిహోర పొట్లం విప్పనే లేదు. డాక్టరు గారు తన పొట్లం తిని, వాడిదీ తినేశారు.

బస్సు దిగేసరికి పెద్దింట్లమ్మ సొరకాయ పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమన్నారు బాబూ అక్కడ?"

"ఏమీ లేదన్నారు పెద్దింట్లమ్మా. బ్రహ్మాండంగా ఉందన్నారు." ఆయన పిల్ల తల నిమిరారు.

ఆవిడ ఆయన్ని జాలిగా చూసింది. మనవరాల్ని చంకనేసుకుని, సొరకాయ ఆయన చేతిలో పెట్టింది.

"అలాగే అంటార్లెండి, ధైర్యం చెప్పాలి కదా వాళ్ళు. మీరు మాత్రం పులుపు తగ్గించండి. వచ్చే నెల కూడా మా అబ్బాయి వస్తాడు."

"ఆయ్," అన్నారు డాక్టరు గారు.